జనం మూడింతలైనా ఒడిశాకు పది సీట్లే: రాజ్యసభ లెక్క ఎందుకు కదలదు

క్లుప్తంగా: రాజ్యసభలో ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లు అనేది జనాభా లెక్కలు జరిగినప్పుడల్లా మారే సంఖ్య కాదు. రాజ్యాంగం నాలుగో షెడ్యూల్‌లో రాష్ట్రం పేరు పక్కన అంకె వేసి పెట్టారు. ఒడిశాకు 10, మహారాష్ట్రకు 19. ఆ అంకెల వెనుక ఉన్నది 1951 జనాభా. కొత్త జనగణన వచ్చినా, లోక్‌సభ డీలిమిటేషన్ (నియోజకవర్గాల పునర్విభజన) జరిగినా ఇవి వాటంతట అవి మారవు. కొత్త రాష్ట్రమైనా ఏర్పడాలి, హద్దులైనా మారాలి, రాజ్యాంగ సవరణైనా జరగాలి.

గందరగోళం ఎక్కడిది

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు చాలా తెలుగు ఇళ్లలో సాయంత్రం టీవీ పెడితే వినిపించేవి హైదరాబాద్, విజయవాడ చర్చలే. దక్షిణాదికి సీట్లు తగ్గుతాయా, ఆంధ్రాకు ఎన్ని, తెలంగాణకు ఎన్ని అని అక్కడ వాదోపవాదాలు. ఓటు మాత్రం ఒడిశాలో ఉంది, అక్కడి ఒడియా పత్రికల్లో నడిచే లెక్క వేరు. ఈ రెండూ కలిసిపోయి ఒక ప్రశ్న పదేపదే వస్తోంది: జనగణన అయ్యాక లోక్‌సభ సీట్లు పెరుగుతాయంటున్నారు కదా, మరి రాజ్యసభ సీట్లు కూడా పెరుగుతాయా?

పెరగవు, కనీసం ఆ దారిలో పెరగవు. ఈ జవాబు చెప్పడానికి ఒక్క ముక్క చాలు గానీ, ఎందుకు పెరగవో తెలియాలంటే ఆ రెండు సభల సీట్లు రెండు వేర్వేరు చట్టపు దారుల్లో నిర్ణయమవుతాయని తెలియాలి.

లోక్‌సభ సంగతి 81, 82 అధికరణాలు చూస్తాయి. ప్రతి జనగణన తర్వాత సీట్లను మళ్లీ సర్దాలని 82 చెబుతుంది. 1976లో 42వ సవరణ ఆ సర్దుబాటును ఆపింది, 2001లో 84వ సవరణ ఆ ఆపుదలను 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించింది. ఇప్పుడు నోటిఫై అయిన జనగణనకు ఆధార తేదీ 2027 మార్చి 1 కాబట్టి, చర్చంతా అందుకే వేడెక్కింది. కానీ 82లో రాజ్యసభ ప్రస్తావనే లేదు. జనగణన తర్వాత రాజ్యసభ సీట్లు సర్దాలని రాజ్యాంగంలో ఇంకెక్కడా కూడా రాయలేదు.

దీంతో ఒకే ఓటరు మీద మూడు కాలాల లెక్కలు నడుస్తున్నాయి. ఒడిశాకు 21 లోక్‌సభ సీట్లు అన్నది 1971 జనాభాను బట్టి. బరంపురం లోక్‌సభ స్థానం హద్దులు 2001 జనాభాను బట్టి. రాజ్యసభ పది సీట్లు 1951 జనాభాను బట్టి. ఇంట్లో తాత, తండ్రి, కొడుకు మూడు తరాల తలలు లెక్కపెట్టిన మూడు జాబితాలు ఇవి, ఈ రోజుకీ మూడూ పని చేస్తూనే ఉన్నాయి.

అంకె ఎక్కడ రాసి ఉంది

80వ అధికరణం రాజ్యసభకు గరిష్ఠ పరిమితి పెట్టింది. రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల ప్రతినిధులు 238కి మించకూడదు, రాష్ట్రపతి నామినేట్ చేసేవాళ్లు 12 మంది, మొత్తం 250. ఇప్పుడు నాలుగో షెడ్యూల్‌లో ఉన్న సీట్లన్నీ కూడితే 233 వస్తాయి. 12 కలిపితే 245. అంటే పరిమితికి ఇంకా ఐదు సీట్ల జాగా మాత్రమే ఉంది, ఈ ఐదు అన్న మాట గుర్తుంచుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

షెడ్యూల్ చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. రాష్ట్రం పేరు, పక్కన సంఖ్య. ఉత్తరప్రదేశ్ 31, మహారాష్ట్ర 19, తమిళనాడు 18, ఆంధ్రప్రదేశ్ 11, ఒడిశా 10, తెలంగాణ 7, ఛత్తీస్‌గఢ్ 5, గోవా 1, సిక్కిం 1. ఈ అంకెలు ఏ సూత్రంతో వచ్చాయో షెడ్యూల్‌లో రాయలేదు, అసలు చిక్కంతా అక్కడే ఉంది. సూత్రం చట్టంలో ఉంటే జనాభా మారినప్పుడు కొత్త జవాబు వచ్చేది. ఇక్కడ సూత్రాన్ని పక్కన ఉంచి, దాని జవాబును మాత్రమే చట్టంలోకి ఎక్కించారు.

పదో సీటు దక్షిణ జిల్లాలది

ఆ సూత్రం ఏమిటంటే, రాష్ట్ర జనాభాలో మొదటి 50 లక్షలకు, ప్రతి పది లక్షలకు ఒక సీటు. ఆపైన ప్రతి 20 లక్షలకు ఒక సీటు. చివర మిగిలిన చిల్లర పది లక్షలు దాటితే ఇంకో సీటు. చిన్న రాష్ట్రాలకు కాస్త మొగ్గు ఇవ్వాలి, పెద్ద రాష్ట్రాలు సభను నింపేయకూడదు అన్నది ఇందులోని ఆలోచన.

ఒడిశా 1951 జనాభా 1,46,45,946. మొదటి 50 లక్షలకు 5 సీట్లు. మిగిలినవి 96 లక్షల పైచిలుకు, అందులో ఇరవై లక్షల చొప్పున నాలుగు, అంటే 4 సీట్లు. ఇంకా 16 లక్షల నలభై వేలకు పైగా చిల్లర, పది లక్షలు దాటింది కాబట్టి మరొకటి. మొత్తం 10. 1950 నాటి మొదటి షెడ్యూల్‌లో ఒరిస్సాకు 9 ఉండేవి, 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో వచ్చిన 7వ సవరణ దాన్ని 10 చేసింది. అప్పటి నుంచి ఈ రోజు వరకు అదే.

ఇక్కడ సరిహద్దు జిల్లాల వాళ్లు ఆగి చూడాల్సిన విషయం ఒకటి ఉంది. పదో సీటు రావాలంటే జనాభా కోటి నలభై లక్షలు దాటాలి. ఒడిశా ఆ గీత దాటింది ఆరున్నర లక్షలలోపు మందితోనే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్స్ అయినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి గంజాం, జయపురం జమీందారీ ఉన్న కోరాపుట్ ప్రాంతం అటు వెళ్లాయి, పర్లాకిమిడి జమీను రెండు ముక్కలై ఊరు ఒడిశాకు, కొంత భాగం ఇప్పటి శ్రీకాకుళం వైపుకు మిగిలింది. గంజాం, కోరాపుట్‌ల జనం 1951లో ఆరున్నర లక్షల కంటే చాలా ఎక్కువ. ఆ రెండు జిల్లాలు లేకుండా లెక్క వేస్తే ఒడిశాకు పదో సీటు వచ్చేది కాదు. తెలుగూ ఒడియా కలిసి మాట్లాడుకునే ఆ ఊళ్ల తలలు కూడా ఆ అంకెలో ఉన్నాయి. బరంపురంలో 1894లో పుట్టిన వి.వి. గిరి 1967 నుంచి 1969 వరకు ఉపరాష్ట్రపతిగా అదే రాజ్యసభకు అధ్యక్షత వహించారు కూడా.

సరిహద్దు కొంచెం జరిగినా సీటు మారిన సందర్భం ఉంది. ఆంధ్రప్రదేశ్, మద్రాసు మధ్య హద్దులు సర్దే చట్టం 1959లో వచ్చింది, 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి వైపు మద్రాసులో కలిసింది, మద్రాసు నుంచి కొన్ని గ్రామాలు ఆంధ్రకు వచ్చాయి. ఆ మార్పుతో మద్రాసు రాజ్యసభ సీట్లు 17 నుంచి 18 అయ్యాయి. కొద్దిపాటి జనం అటు కలవడంతో చిల్లర పది లక్షల గీత దాటడమే కారణం. ఆంధ్రకు 18 అలాగే ఉన్నాయి.

రాష్ట్రం చీలితే ఏమవుతుంది

మహారాష్ట్ర కథ ఇంకా బాగా అర్థమయ్యేలా ఉంటుంది. 1956లో మరాఠీ, గుజరాతీ ప్రాంతాలు కలిసి ఒకే బొంబాయి రాష్ట్రంగా ఉన్నప్పుడు దానికి 27 సీట్లు. 1960లో విడిపోయాక మహారాష్ట్రకు 19, గుజరాత్‌కు 11. కూడితే 30. ఒక్క మనిషి కూడా పెరగకుండా మూడు సీట్లు ఎలా పెరిగాయి? మొదటి 50 లక్షలకు ఇచ్చే మొగ్గు ప్రతి రాష్ట్రానికి విడిగా వస్తుంది. ఆ 50 లక్షలకు తర్వాతి రేటు ప్రకారం ఇస్తే రెండున్నర సీట్లే, కానీ ఐదు ఇస్తారు. ఒక రాష్ట్రం రెండైతే ఆ అదనపు రెండున్నర రెండుసార్లు వస్తుంది, చిల్లర సర్దుబాటుతో బొంబాయి విషయంలో అది మూడు అయింది. ఇప్పటి హద్దుల్లో మహారాష్ట్ర 1951 జనాభా 3.20 కోట్ల పైచిలుకు, పంతొమ్మిదో సీటుకు కావాల్సిన గీత కూడా సరిగ్గా 3.20 కోట్లే. అంచు మీద దొరికిన సీటు అది.

2000 వచ్చేసరికి పద్ధతి మారిపోయింది. ఉమ్మడి బీహార్‌కు 22 ఉంటే బీహార్‌కు 16, జార్ఖండ్‌కు 6 ఇచ్చారు. మధ్యప్రదేశ్ 16ను ఛత్తీస్‌గఢ్‌తో 11, 5గా పంచారు, ఉత్తరప్రదేశ్ 34ను ఉత్తరాఖండ్‌తో 31, 3గా. 2014లో ఆంధ్రప్రదేశ్ 18 కూడా అంతే, 11 ఆంధ్రకు, 7 తెలంగాణకు. ఒక్క సీటు కూడా పెరగలేదు. 1960లో వాడిన పద్ధతే వాడి ఉంటే తెలుగు రాష్ట్రాలు రెండింటికీ కలిపి సుమారు రెండున్నర సీట్ల మేర అదనపు వాటా వచ్చేది. ఇంటి ఆస్తిని అన్నదమ్ములు పంచుకున్నట్టు ఉన్నదాన్నే పంచారు గానీ కొత్తగా ఏమీ చేర్చలేదు. అప్పటికే ఎన్నికై ఉన్న సభ్యులు ఎవరు ఏ రాష్ట్రానికి అన్నది 2014 మేలో లాటరీ తీసి తేల్చారు, ఆంధ్ర ప్రాంతం వాళ్లు కొందరు తెలంగాణ ఖాతాలోకి, అటువాళ్లు ఇటు వచ్చింది అందుకే.

ఎందుకు మారి ఉంటుందో ఊహించాలంటే, పైన చెప్పిన ఐదు సీట్ల జాగా గుర్తు చేసుకోవాలి. ప్రతి విభజనకూ రెండో మూడో చేర్చుకుంటూ పోతే 238 గోడ తగులుతుంది. 2000 నుంచి ఏర్పడిన నాలుగు రాష్ట్రాలకూ పాత సూత్రమే వాడి ఉంటే ఆ గోడ దాటాల్సి వచ్చేదే.

అదే సూత్రం ఇవాళ వాడితే

2011 జనాభాతో లెక్క వేసి చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఉత్తరప్రదేశ్‌కు 102, మహారాష్ట్రకు 59, బీహార్‌కు 55, ఒడిశాకు 23 వస్తాయి. ఈ నాలుగు రాష్ట్రాలకే 239. రాజ్యాంగం దేశం మొత్తానికి అనుమతించింది 238. కాబట్టి పాత సూత్రం ఉన్నదున్నట్టు మళ్లీ వాడటం కుదరని పని, ముందు 80వ అధికరణంలో ఉన్న పరిమితిని ఎత్తేయాలి.

సరే, సీట్లు పెంచకుండా ఉన్న 233నే కొత్త జనాభా నిష్పత్తిలో పంచితే? అప్పుడు సరిహద్దుకు ఈ చివర ఒక ఫలితం, ఆ చివర ఇంకో ఫలితం. 2011లో దేశ జనాభాలో ఒడిశా వాటా మూడున్నర శాతానికి కాస్త తక్కువ, అంటే ఎనిమిది సీట్ల దగ్గర ఆగుతుంది, రెండు పోతాయి. మహారాష్ట్రకు 21, 22 వస్తాయి. ఉత్తరప్రదేశ్‌కు 38 దాటుతాయి. ఆంధ్రప్రదేశ్‌కు ఒకటి తగ్గే పరిస్థితి, తెలంగాణ దాదాపు ఉన్నచోటే. అంటే పాత లెక్క అన్యాయం, కొత్త లెక్క వేయాలని బరంపురంలో ఎవరైనా గట్టిగా అడిగితే, నష్టం ముందు తమ రాష్ట్రానికే అన్న విషయం తెలిసి అడగాలి. మహారాష్ట్ర వైపు సిరోంచాలోనో దెగ్లూరులోనో ఉన్న తెలుగువాళ్లకు ఇదే లెక్క లాభం.

ఒక్కో సీటు వెనుక ఎంత జనం ఉన్నారో చూస్తే తేడా ఎంత పెరిగిందో తెలుస్తుంది. 1951లో ఒడిశాలో ఒక రాజ్యసభ సీటుకు సుమారు 14.6 లక్షల మంది. 2011కు అది 42 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో 45 లక్షలు, తెలంగాణలో 50, మహారాష్ట్రలో 59, ఉత్తరప్రదేశ్‌లో 64. ఒక్కటే సీటున్న గోవాలో 2011లో ఉన్న జనం 14.6 లక్షలు, అంటే 1951లో ఒడిశాకు ఉన్న నిష్పత్తి ఈ రోజు గోవాకు ఉంది. సిక్కింలో ఆరు లక్షలు. లద్దాఖ్‌కు అసలు సీటే లేదు.

మార్చాలంటే రెండు తలుపులు

మొదటిది 4వ అధికరణం. కొత్త రాష్ట్రం ఏర్పాటు చేసినా, హద్దులు మార్చినా, ఆ చట్టంలోనే నాలుగో షెడ్యూల్‌ను కూడా సవరించవచ్చు. మామూలు మెజారిటీ చాలు, అది రాజ్యాంగ సవరణ కింద లెక్కకు రాదు. తెలంగాణ 7, జార్ఖండ్ 6 అన్నీ ఈ తలుపు నుంచి వచ్చినవే.

రెండోది 368. హద్దులేమీ మారకుండా కేవలం సీట్లు పెంచాలన్నా తగ్గించాలన్నా ఇదే దారి. ఉభయ సభల్లో మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసిన వాళ్లలో మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి. పార్లమెంటులో రాష్ట్రాల ప్రాతినిధ్యానికి సంబంధించిన సవరణ కాబట్టి దానిపైన కనీసం సగం రాష్ట్రాల శాసనసభలు కూడా ఆమోదించాలి. సీట్లు తగ్గే రాష్ట్రాలు దీనికి చేతులెత్తవు. తగ్గకుండా అందరికీ పెంచుదామంటే 250 పరిమితి అడ్డం. రాజ్యసభ అంకెలు ఇన్నేళ్లుగా రాయిలా ఉండిపోవడానికి ఏ ఒక్క ప్రభుత్వ నిర్ణయమో కారణం కాదు, తాళం అలా బిగించి ఉంది.

అసలు జనాభాతో సంబంధం లేకుండా రాష్ట్రాలన్నిటికీ సమానంగా సీట్లు ఇవ్వాలన్న సూచనా ఉంది, కేంద్ర రాష్ట్ర సంబంధాలపై పూంఛీ కమిషన్ 2010 నివేదికలో అదే చెప్పింది. అమలు కాలేదు.

బయటి దేశాల్లో

అమెరికా సెనేట్‌లో ప్రతి రాష్ట్రానికి ఇద్దరు, రాష్ట్రం ఎంత పెద్దదైనా సరే. కొత్త రాష్ట్రం చేరితేనే మొత్తం పెరుగుతుంది, 1959లో అలాస్కా, హవాయి చేరాక 100 అయింది, అక్కడే ఆగింది. నేపాల్ జాతీయ సభలోనూ సమానత్వమే, ఏడు ప్రదేశ్‌లకు ఎనిమిదేసి, నామినేటెడ్ ముగ్గురు, మొత్తం 59. ఇటలీ 2020 రెఫరెండంతో సెనేట్‌లో ఎన్నికయ్యే సభ్యులను 315 నుంచి 200కు తగ్గించుకుంది.

మన పద్ధతికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది జర్మనీ ఎగువ సభ బుండెస్‌రాట్. అక్కడా చిన్న రాష్ట్రాలకు మొగ్గు ఉంది, అక్కడా మెట్లు ఉన్నాయి: ప్రతి రాష్ట్రానికి కనీసం మూడు ఓట్లు, జనాభా 20 లక్షలు దాటితే నాలుగు, 60 లక్షలు దాటితే ఐదు, 70 లక్షలు దాటితే ఆరు. తేడా ఏమిటంటే ఆ మెట్లు రాజ్యాంగంలోనే రాసి ఉన్నాయి. హెస్సె రాష్ట్రం జనాభా 60 లక్షలు దాటగానే 1996లో దాని ఓట్లు నాలుగు నుంచి ఐదు అయ్యాయి, ఎవరూ రాజ్యాంగాన్ని సవరించలేదు. పై మెట్టు ఆరు దగ్గర ఆగుతుంది కాబట్టి పెద్ద రాష్ట్రాలు సభను మింగేసే భయమూ లేదు. మన దగ్గర సూత్రం బయట ఉండి జవాబు చట్టంలో ఉంది, వాళ్ల దగ్గర సూత్రమే చట్టం.

సరిహద్దు జిల్లాల వాళ్లకు దీనివల్ల ఏమిటి

సీట్ల సంఖ్య తగ్గితే గెలవడానికి కావాల్సిన ఎమ్మెల్యేల సంఖ్య పెరుగుతుంది. ఈ ముడి చాలామందికి తట్టదు. రాజ్యసభ సభ్యులను ఎన్నుకునేది ఎమ్మెల్యేలు. పది సీట్లూ ఒకేసారి ఖాళీ కావు, రెండేళ్లకోసారి మూడో వంతు సభ్యుల పదవీకాలం పూర్తవుతుంది కాబట్టి ఒడిశాలో ఒకసారి నాలుగు, మిగతా రెండుసార్లు మూడేసి భర్తీ అవుతాయి. 147 మంది ఎమ్మెల్యేలున్న సభలో మూడు సీట్లకు పోటీ జరిగితే ఒకరు గెలవడానికి 37 మొదటి ప్రాధాన్య ఓట్లు కావాలి. నాలుగు సీట్లయితే 30 చాలు. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో తెలుగు ఓటర్లు కొన్ని అసెంబ్లీ స్థానాల్లో గట్టిగానే ఉన్నారు, కానీ ముప్పై మంది ఎమ్మెల్యేలను ఒక మాట మీద నిలబెట్టే బలం ఏ ఒక్క ప్రాంతానికీ లేదు, పార్టీ టికెట్ ఇస్తే తప్ప. ఒకవేళ ఒడిశాకు 23 సీట్లుండి ఒకసారి ఎనిమిది భర్తీ చేయాల్సి వస్తే 17 ఓట్లతో గెలవొచ్చు. అప్పుడు దక్షిణ జిల్లాల ఎమ్మెల్యేల మాటకు బరువు వస్తుంది.

ఇంకో మార్పు 2003లో జరిగింది, అంకెల్ని కదపకుండానే వాటి అర్థాన్ని మార్చింది. అంతకు ముందు ఏ రాష్ట్రం నుంచి పోటీ చేస్తే ఆ రాష్ట్రంలో ఓటరుగా ఉండాలన్న నియమం ఉండేది. ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి, దేశంలో ఎక్కడ ఓటరైనా చాలని మార్చారు. కులదీప్ నయ్యర్ కేసులో సుప్రీంకోర్టు 2006లో దాన్ని సమర్థించింది. రాజస్థాన్‌కు చెందిన అశ్వినీ వైష్ణవ్ 2019లో, 2024లో ఒడిశా నుంచి ఎన్నికైంది, తెలంగాణ నాయకుడు కె. లక్ష్మణ్ 2022లో ఉత్తరప్రదేశ్ నుంచి వెళ్లింది ఈ మార్పు వచ్చాకే. చట్టం ప్రకారం ఇచ్ఛాపురం ఓటరు ఒడిశా సీటుకు, బరంపురం ఓటరు ఆంధ్ర సీటుకు నిలబడొచ్చు. రాష్ట్రానికి ఇన్ని అని పంచిన సీటులో ఆ రాష్ట్రం మనిషే కూర్చోవాలన్న కట్టుబాటు లేనప్పుడు, పది ఎవరి పది అన్న ప్రశ్న తెగదు, అది సూటిగా అడగాల్సిన ప్రశ్నే.

రోజువారీ పనుల్లో ఉపయోగపడేది మాత్రం ఒకటుంది. లోక్‌సభ ఎంపీ నిధులు ప్రధానంగా తన నియోజకవర్గానికే. రాజ్యసభ ఎంపీకి ఏటా వచ్చే 5 కోట్లు తాను ఎన్నికైన రాష్ట్రంలో ఏ జిల్లాలోనైనా ఖర్చు చేయొచ్చు. పర్లాకిమిడిలో గ్రంథాలయానికో, గుణుపురం దగ్గర బడి గదులకో అడగాలంటే లోక్‌సభ ఎంపీ ఒక్కరే దిక్కు కాదు, ఒడిశా నుంచి ఎన్నికైన పది మందిలో ఎవరికైనా అర్జీ పెట్టుకోవచ్చు.

ఇక ఈ అంకెలు నిజంగా కదిలే సందర్భం ఏదంటే, దగ్గర్లో కనిపించేది పశ్చిమ ఒడిశాలో కోసల రాష్ట్రం, మహారాష్ట్రలో విదర్భ. రెండూ పాత డిమాండ్లే. గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల తెలుగువాళ్లు విదర్భలోకే వస్తారు. అలాంటి బిల్లు ఎప్పుడైనా పార్లమెంటు ముందుకొస్తే అందులో నాలుగో షెడ్యూల్ గురించి ఒక చిన్న సెక్షన్ ఉంటుంది. మహారాష్ట్ర 19ని 2014లో చేసినట్టు రెండుగా కోస్తారా, 1960లో చేసినట్టు రెండు రాష్ట్రాలకూ విడిగా లెక్క కడతారా అన్నది ఆ సెక్షన్‌లోనే తేలుతుంది.